ట్యూక్స్‌బరీ కొయ్య షాపు: ఐదొందల ఏళ్ళ కట్టడాన్ని చదవడం

అందరికీ నమస్కారం.

ఇంగ్లండులోని పాత కట్టడాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. పాత కట్టడాలనగానే కోటలు, చర్చిలు, జమీందారుల మేడలు గుర్తొస్తాయి. నేను ఈ సాయంత్రం ఒక షాపు గురించి మాట్లాడతాను. ఒక చిన్న సంత ఊళ్ళో అద్దెల కోసం కట్టించిన చిన్న షాపు అది. దాని చట్రమంతా ఓక్ కొయ్య. కట్టి ఐదొందల ఏళ్ళు దాటింది. ఇప్పటికీ నిలబడే ఉంది.

ముందు వరసలో ఆర్కిటెక్చర్ విద్యార్థులున్నారు, వెనకాల వడ్రంగి పని చేసేవాళ్ళు కొందరు కూర్చున్నారు. నిజానికి ఇవాళ నా మాటలు వెనక వరసకే ఎక్కువ చేరతాయి. ఎందుకంటే ఈ షాపుకి శాసనాలు లేవు. దీన్ని చదవాలంటే ఉలి దెబ్బ, బరమా బెజ్జం, మసి మరక, అరిగిన అంచు చదవడం రావాలి. అది వడ్రంగికి వచ్చినంతగా ఇంకెవరికీ రాదు.

ఊరి పేరు ట్యూక్స్‌బరీ. గ్లోస్టర్‌షైర్‌లో సెవర్న్ నది, ఏవన్ నది కలిసేచోట ఉంటుంది. చరిత్ర చదివినవాళ్ళకి 1471లో అక్కడ జరిగిన యుద్ధం గుర్తుంటుంది, ఇంగ్లండు సింహాసనం కోసం రెండు వంశాలు కొట్టుకున్న రోజులవి. ఊళ్ళో పెద్ద మఠం ఉండేది. దాని చర్చి 1121లో ప్రతిష్ఠ జరిగింది, ఇప్పటికీ ఊరికి అదే ఆనవాలు. ఆ చర్చి ఆవరణ అంచున, చర్చ్ స్ట్రీట్ వెంబడి, ఒకే కప్పు కింద షాపుల వరస ఒకటి ఉంది. మఠం సన్యాసులు 15వ శతాబ్దంలో కట్టించారు. ఒకే కొలత, ఒకే పద్ధతి, పక్కపక్కనే గదులు. ముందు షాపు, వెనక కాపురం. అందులో ఒకదాన్ని పాత రూపానికి తెచ్చి ఇప్పుడు జనానికి చూపిస్తున్నారు. మర్చంట్స్ హౌస్ అంటారు. అదే వరసలో జాన్ మూర్ అనే రచయిత పేరిట ఒక మ్యూజియం కూడా ఉంది.

సన్యాసులు షాపులెందుకు కట్టించారని మీకు అనుమానం రావచ్చు. అద్దెల కోసమే. రెండు నదుల మధ్య, వరద తగలని నేల చాలా కొంచెం. ఊరంతా మూడు వీధుల మీదే పెరిగింది. అలాంటి ఊళ్ళో వీధి వైపు జాగా ఉండటమంటే డబ్బే. అందుకే అక్కడ ఇళ్ళు వీధి వైపు ఇరుకుగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. మధ్యమధ్య మనిషి పట్టేంత సందులు. ఇప్పటికీ ఆ సందుల్లో నడవచ్చు. మఠానికి తన ప్రహరీ అంచున వీధి వైపు ఖాళీగా పడి ఉన్న నేల కనిపించింది. ఇద్దరు అద్దెదారుల మధ్య గోడ ఒక్కటే కాబట్టి వరసగా కడితే కొయ్య కలిసొస్తుంది. ఒకే చట్రాన్ని మళ్ళీ మళ్ళీ చేయడం వల్ల వడ్రంగికీ పని తేలిక. అయిదు వందల ఏళ్ళ కిందట లెక్క తెలిసినవాళ్ళు వేసిన లేఅవుట్ అది.

ఇక షాపు ముందుకి వెళ్దాం. ఈ ఫొటో చూడండి. అద్దాలు లేవు, వెడల్పాటి కిటికీ ఉంది, పక్కన ఇరుకు తలుపు. కిటికీకి కింద ఒక చెక్క తలుపు, పైన ఒకటి. కింది తలుపుకి బందులు అడుగున ఉంటాయి, దాన్ని వీధి వైపు దించితే బల్ల అవుతుంది. పై తలుపుకి బందులు పైన, ఎత్తి నిలబెడితే పందిరి అవుతుంది. పొద్దున తెరవగానే సరుకు పెట్టే బల్ల, వానకి ఎండకి అడ్డం రెండూ తయారు. రాత్రి మూస్తే గోడ. కొనేవాడు లోపలికి అడుగు పెట్టనక్కర్లేదు, వీధిలో నిలబడే బేరం చేస్తాడు. అమ్మేవాడు లోపల కూర్చుని పని చేసుకుంటూనే అమ్ముతాడు. షాపంటే ఆ రోజుల్లో అమ్మే చోటే కాదు, తయారుచేసే చోటు కూడా. చెప్పులు కుట్టేవాడికైనా బట్టలు కుట్టేవాడికైనా చేతి పని మీద వెలుతురు పడాలి. అందుకే ఇంట్లో అన్నిటికన్నా పెద్ద కిటికీ షాపుకే పెట్టారు.

ఇలాంటి తలుపులు దాదాపు ఎక్కడా అసలువి మిగలవు. తలుపు చెక్క పలచన, వాన తగిలే చోటు, రోజూ ఎత్తి దించే వస్తువు. మరి ఉండేవని మనకెలా తెలుసు? చట్రం చెబుతుంది. కిటికీ గడప దూలానికి బయటి వైపు, తలుపు మూసినప్పుడు ఆనడానికి ఒక మెట్టు చెక్కి ఉంటుంది. బందులు కొట్టిన చోట చీలల బెజ్జాలుంటాయి. వందేళ్ళ పాటు చేతులు, బుట్టలు, సరుకు రాసుకున్న చోట అంచు గుండ్రంగా అరిగి ఉంటుంది. అదే దూలానికి కాస్త పక్కన అంచు మాత్రం ఇంకా పదునుగానే ఉంటుంది. ఒకే దూలం మీద ఒకచోట అరిగి ఇంకోచోట అరగకుండా ఉందంటే, జనం ఎక్కడ నిలబడ్డారో తెలిసిపోయినట్టే. పాత షాపు చూడటానికి వెళ్ళినప్పుడు ముందు ఆ కింది దూలం మీద చెయ్యి పెట్టి నిమరండి. కంటికి కనపడనిది వేలికి తగులుతుంది.

ఇలాంటి షాపు ముఖాలు ఇంగ్లండులో చాలా తక్కువ మిగిలాయి. అద్దం చవకయ్యాక ప్రతి వ్యాపారీ ముందు భాగమే మార్చుకున్నాడు మరి. సఫొక్‌లోని లావెన్‌హామ్‌లో లేడీ స్ట్రీట్ మూల మీద వంపు తిరిగిన షాపు కిటికీలు ఉన్నాయి. ష్రూస్‌బరీలో బుచర్ రో అనే వీధిలో అబట్స్ హౌస్ అనే మూడంతస్తుల కట్టడం ఉంది. దాని కింది అంతస్తులో వెడల్పు గడపలతో పాత షాపు కిటికీలు అలాగే నిలిచాయి. అది 1450ల చివర్లో లిల్లెషాల్ మఠం కట్టించింది. అక్కడా మఠమే యజమాని, అక్కడా అద్దె షాపులే. సస్సెక్స్‌లోని హార్షమ్ అనే ఊరి నుంచి ఒక 15వ శతాబ్దపు షాపుని ముక్కలుగా విప్పి, సింగిల్టన్ దగ్గర వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియంలో మళ్ళీ నిలబెట్టారు. ఇల్లు విప్పడమేమిటి, మళ్ళీ నిలబెట్టడమేమిటి అనుకుంటున్నారా? అక్కడికే వస్తున్నాను. ఈ కట్టడాల అసలు రహస్యం అదే.

చెక్క సంగతి ముందు చెప్పాలి. మనం టేకు దూలం కొంటే ఎండిందా లేదా అని చూస్తాం. వాళ్ళు పచ్చి ఓక్ వాడేవాళ్ళు. చెట్టు కొట్టి, బాడిసతో నాలుగు పక్కలా చెక్కి, రసం ఆరకముందే కూసాలు, అంటే ఇంకో చెక్క బెజ్జంలో దూరే కొసలు, తీసి బిగించేవాళ్ళు. కారణం సులువే. ఓక్ ఎండితే ఇనుములా గట్టిపడుతుంది, చేతి పనిముట్లకి లొంగదు. పైగా మందపాటి దూలం ఆరాలంటే అంగుళానికి ఏడాది అని ఒక లెక్క చెబుతారు. పన్నెండు అంగుళాల దూలం ఆరేదాకా కూర్చుంటే సన్యాసులకి అద్దె ఎప్పుడొస్తుంది? చాలా దూలాలు పెద్ద చెట్లని కోసినవి కావు, ఒక్కో లేత చెట్టు ఒక్కో దూలం. పరీక్షగా చూస్తే అంచుల్లో చెట్టు గుండ్రం అలాగే ఉంటుంది, ఒక్కోసారి బెరడు కూడా అంటుకుని ఉంటుంది. ఆ బెరడు మాకు బంగారం. ఎందుకో చెబుతాను.

చెట్టు ఏటా ఒక వలయం వేస్తుంది. వానలు బాగా పడిన ఏడు వెడల్పుగా, కరువు ఏడు సన్నగా. ఒకే ప్రాంతంలో పెరిగిన ఓక్‌లన్నిటిలోనూ ఆ వరస దాదాపు ఒకేలా ఉంటుంది. దూలంలోంచి పెన్సిలు మందాన ఒక పుల్ల తీసి, వలయాల వెడల్పులు కొలిచి, తేదీ తెలిసిన వరసతో పోలుస్తారు. బెరడు కింది చివరి వలయం దొరికితే ఆ చెట్టుని ఏ ఏడు కొట్టారో, ఒక్కోసారి ఏ కాలంలో కొట్టారో కూడా చెప్పొచ్చు. పచ్చి చెక్కనే వాడేవాళ్ళు కాబట్టి కొట్టిన ఏడాదో, ఆ మరుసటి ఏడాదో కట్టినట్టే. బెరడు లేకుండా చేవ ఒక్కటే మిగిలితే మాత్రం ఇంత కచ్చితంగా చెప్పలేం, ఏ ఏడు తర్వాతో మాత్రమే చెప్పగలం. అందుకే ఇంటివాళ్ళు పాత దూలాన్ని అందంగా కనిపించాలని యంత్రంతో చిత్రిక పట్టిస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పుట్టిన తేదీని చేతులారా గీకేసుకున్నట్టే కదా.

ఇప్పుడు చట్రం. ఊరి బయట, అడవి దగ్గరో, వడ్రంగి మళిగలోనో నేల మీద ఒక గోడ చట్రమంతా పరిచేవాళ్ళు. నిలువు రాటలు, అడ్డ పట్టెలు, ఏటవాలు ఆనుగర్రలు, అన్నీ వాటి వాటి చోట పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటి ఆనే చోట గీత గీసి, ఆ గీతకే కోసేవాళ్ళు. ఈ కూసం ఆ బెజ్జానికే సరిపోతుంది, ఇంకోదానికి సరిపోదు. అందుకని ప్రతి అతుకు దగ్గరా రెండు చెక్కల మీదా ఒకే అంకె ఉలితో చెక్కేవాళ్ళు. రోమన్ అంకెలు. గీతలన్నీ వంపు లేని తిన్నటివి, ఉలికి తేలిక. నాలుగుని నాలుగు గీతలుగానే రాసేవాళ్ళు, లేకపోతే తలకిందులుగా పట్టుకున్నవాడు ఆరనుకునే ప్రమాదముంది. అన్నీ సరిపోయాయని చూసుకుని విప్పి, బండ్లకెత్తి ఊళ్ళోకి తెచ్చి, అంకెలు చూసుకుంటూ నిలబెట్టేవాళ్ళు.

ఆ అంకెలు ఇప్పటికీ ఉంటాయి. వరసగా ఒకటి, రెండు, మూడు అని వెళ్తూ మధ్యలో అయిదు లేకుండా ఆరు వచ్చిందనుకోండి, ఒక చట్రం ఎప్పుడో తీసేశారని అర్థం. వేరే రకం అంకెలు కనిపిస్తే ఆ దూలం ఇంకో ఇంటి నుంచి వచ్చిందని అనుమానించాలి.

అతుకు బిగించే పద్ధతి వడ్రంగులకి నచ్చుతుంది, ఈ బొమ్మ దగ్గర కాస్త ఆగుదాం. బెజ్జం ఉన్న చెక్కకి అడ్డంగా చీల కోసం ఒక రంధ్రం వేస్తారు. కూసాన్ని అందులో దూర్చి, రంధ్రం ఎక్కడొచ్చిందో గుర్తు పెట్టి, బయటికి తీస్తారు. కూసం మీద రంధ్రాన్ని సరిగ్గా ఆ గుర్తు మీద వెయ్యరు. ఒకటి రెండు మిల్లీమీటర్లు మొదలు వైపు జరిపి వేస్తారు. మళ్ళీ దూర్చి, కొనదేలిన ఓక్ చీల కొడితే, అది రెండు రంధ్రాల మధ్య వంగుతూ కూసాన్ని లోపలికి లాగుతుంది. క్లాంపులు లేవు, జిగురు లేదు, మేకు లేదు. పచ్చి ఓక్‌లో ఇనప మేకు కొడితే చెక్కలోని పులుపుకి అది తుప్పు పడుతుంది, చుట్టూ నల్లటి మరక తేలుతుంది. చీలని రంపంతో కొయ్యరు, ఎండిన ఓక్‌ని నరం వెంట చీల్చి చెక్కుతారు, నరం తెగకుండా ఉంటేనే వంగినా విరగదు. తర్వాత ఏళ్ళ తరబడి దూలం ఆరుతుంది. అడ్డంగా కుంచించుకుంటుంది, పొడుగు మాత్రం దాదాపు మారదు. మెలి తిరుగుతుంది, పగులుతుంది. గోడ ఒక పక్కకి ఒరుగుతుంది. ఆ ఊళ్ళలో వంకర ఇళ్ళు చూసి టూరిస్టులు ఫొటోలు తీసుకుంటారు కదా, ఆ వంకరలో ఎక్కువ భాగం మొదటి కొన్నేళ్ళలో చెక్క ఆరినప్పుడు వచ్చినదే. ఆ తర్వాత అది అలాగే కుదురుకుంది. వంకర చూసి కూల్చేద్దామనే ఇంజనీర్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

రాటల్లో ఒక విశేషం ఉంది. చెట్టు మొదలు వైపు లావుగా ఉంటుంది కదా. ఆ లావు చివర నేల వైపు ఉండాలని మనమనుకుంటాం. వాళ్ళు చెట్టుని తలకిందులు చేసి, మొదలు పైకి వచ్చేలా నిలబెట్టేవాళ్ళు. రాట తల దగ్గర మూడు చెక్కలు కలవాలి. ఒకటి రాట, రెండోది గోడ మీద పొడుగునా పారే పట్టె, మూడోది ఇంటికి అడ్డంగా వెళ్ళే దూలం. ఒకే తల మీద రెండు కూసాలు తియ్యాలి, ఒకటి పట్టెలోకి, ఇంకోటి దూలంలోకి. దూలం అడుగున పావురం తోక ఆకారంలో చెక్కి పట్టె మీదికి దించుతారు. కప్పు బరువు గోడల్ని బయటికి నెడుతుంటే, ఆ అడ్డ దూలం రెండు గోడల్నీ పట్టి ఉంచుతుంది. ఇన్ని కోతలు పడే చోట చెక్క ఎక్కువ ఉండాలి, అందుకే మొదలు పైన. ఇంగ్లండు వడ్రంగులు ఈ ఒక్క అతుకుని కొన్ని వందల ఏళ్ళు మార్చకుండా వాడారు. నాకు ఆ దేశపు కట్టడాల్లో అన్నిటికన్నా ఇష్టమైనది ఏమిటని అడిగితే ఏ చర్చి పేరూ చెప్పను, ఈ అతుకే చూపిస్తాను.

పై అంతస్తు వీధి మీదికి ముందుకొచ్చి ఉంటుంది. ఇది ఎందుకని చాలామంది అడుగుతారు. పైన జాగా ఎక్కువ వస్తుందన్నది నిజమే, కానీ అదొక్కటే కారణం కాదు. కింద షాపు బల్ల మీద వాన పడదు, కొనేవాడు తడవడు. ఒకే పొడవాటి రాట బదులు అంతస్తుకో పొట్టి రాట సరిపోతుంది. ఇంకోటి ఇంజనీర్లకి నచ్చే సంగతి. అంతస్తు పట్టెలు వెనక నుంచి ముందుకి పారి, కింది గోడ దాటి బయటికి వస్తాయి. వాటి కొసల మీద పై గోడ బరువు పడుతుంది. ఆ బరువు కొసని కిందికి నొక్కితే, గది మధ్యలో పట్టె కుంగకుండా పైకి లేస్తుంది. ఇన్నిటితో పాటు, నలుగురిలో గొప్పగా కనిపించాలనే కోరిక కూడా ఉంది, ముందుకొచ్చిన మేడ డబ్బున్నవాడి గుర్తు. మూల మీద షాపైతే రెండు వీధుల వైపూ ముందుకి రావాలి, అప్పుడు మూలలో ఏటవాలుగా ఒక దూలం వేసి రెండు వైపుల పట్టెల్నీ దానికి కలుపుతారు. ఆ పట్టెల్ని ఆ కాలంలో బల్లపరుపుగా వేసేవాళ్ళు, వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. ఇప్పుడు మనం నిలువుగా వేస్తాం, బలం లోతులో ఉంటుంది కాబట్టి. పట్టె పడుకుని ఉందో, నిలబడి ఉందో చూసి కూడా ఆ అంతస్తు వయసు సుమారుగా చెప్పొచ్చు.

చట్రం మధ్య ఖాళీల్లో గోడ ఎలా నింపారో చెబితే మీకు కొత్తగా ఏమీ అనిపించదు. పై పట్టెలో బెజ్జాలు, కింది పట్టెలో గాడి. చీల్చిన ఓక్ బద్దలు పై బెజ్జంలో గుచ్చి కింది గాడిలోకి జరుపుతారు. వాటి మధ్య హేజెల్ చెట్టు కొమ్మలు అల్లుతారు. దాని మీద రెండు వైపులా బంకమట్టి, తరిగిన గడ్డి, ఆవు పేడ కలిపి తొక్కిన ముద్ద మెత్తుతారు. ఆరాక సున్నం. మన పల్లెల్లో తడిక గోడ మెత్తినవాళ్ళెవరైనా ఈ పని రేపే మొదలుపెట్టగలరు. ఖండాలు దాటి ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చిందంటే ఆ మట్టిలో ఉన్న గుణం అలాంటిది. అది చెక్కతో పాటు కదులుతుంది, తేమ పీల్చుకుని మళ్ళీ బయటికి వదులుతుంది.

షాపు దాటి లోపలికి వెళ్తే చిన్న హాలు. దాని మీద పై అంతస్తు లేదు, కప్పు దాకా ఖాళీ. నేల మీద మధ్యలో నిప్పు పెట్టుకునేవాళ్ళు, పొగ గొట్టం లేదు, పొగ పైకి లేచి కప్పులోంచి దారి చూసుకుని పోయేది. షాపు మీద మాత్రం ఒక గది, అక్కడ పడుకునేవాళ్ళు. అంటే వీధి వైపు రెండంతస్తులు, వెనక ఒక ఎత్తైన గది. పొగలో కూర్చుని బతికారా అని జాలిపడకండి, ఇంగ్లండులో ఆనాడు చాలామంది బతుకు అంతే. కప్పు వాసాల మీద మందపాటి మసి పట్టి ఉంటే ఆ గదికి మొదట పై అంతస్తు లేదన్నమాట. మసి పట్టని వాసం కనపడితే దాన్ని తర్వాత మార్చారన్నమాట. పాత ఇంటికి వెళ్తే నేను ముందు అటక ఎక్కి టార్చి వేసి చూస్తాను. ఇంటి యజమానికి తెలియని చరిత్ర అటక మీదే ఉంటుంది.

కాలం మారింది. 1540 జనవరిలో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మనుషులు మఠాన్ని మూసేశారు. పెద్ద చర్చిని పడగొడతారేమోనని ఊరివాళ్ళు 453 పౌండ్లు పోగుచేసి కొనుక్కున్నారు. అది గంటల లోహానికి, కప్పు మీది సీసానికి కట్టిన ధర. ఆ తర్వాతి తరాల్లో షాపులు చేతులు మారాయి. నిప్పుకి ఇటుక పొగగొట్టం వచ్చింది. పొగ బెడద పోయాక హాలు మీద కూడా అంతస్తు వేసుకున్నారు, గది ఎక్కువైంది. అద్దాలు వచ్చాయి, చెక్క తలుపుల బల్లలు పోయాయి. 18వ శతాబ్దం వచ్చేసరికి కొయ్య ఇల్లంటే పాత ఫ్యాషన్. ఊరంతా ముందు ఇటుక గోడ కట్టుకుని, లేకపోతే సున్నపు పూత పూసుకుని, పాత చట్రాన్ని దాచేశారు. ట్యూక్స్‌బరీ పెద్ద వీధిలో నిలబడి ఇటుక ముఖాలు చూసి ఇవి కొత్తవనుకుంటాం, వెనక సందులోకి తిరిగితే ఓక్ రాటలు కనిపిస్తాయి. ఎంత మారినా చట్రం ఒప్పుకుంది. ఇక్కడొక పట్టె తీసినా, అక్కడొక తలుపు కోసినా, అంతస్తు పెంచినా కూలిపోలేదు. ఈ షాపులు ఐదొందల ఏళ్ళు నిలవడానికి నేను చెప్పే ప్రధాన కారణం ఇదే. వీటిని విప్పొచ్చు, చివికిన ముక్క ఒక్కటే తీసి కొత్తది వేసుకోవచ్చు, వ్యాపారం మారితే ముఖం మార్చుకోవచ్చు. ఇప్పటి కాంక్రీటులో ఒక మూల పాడైతే ఆ మూలని వేరుగా తీయలేం. ఆ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

నల్ల దూలాలు, తెల్ల గోడలు, ఇంగ్లండు అంటే మనకి ఆ బొమ్మే గుర్తొస్తుంది. దూలాలకి తారు నలుపు వేసే అలవాటు ఎక్కువగా 19వ శతాబ్దానిది. అంతకు ముందు చాలాచోట్ల ఓక్‌ని అలాగే వదిలేసేవాళ్ళు, ఎండకి వానకి అది వెండి బూడిద రంగుకి తిరుగుతుంది. లేదా గోడకి దూలానికి కలిపి సున్నం కొట్టేసేవాళ్ళు. నలుపు చూడటానికి బాగుంటుంది కానీ తారు పొర లోపలి తేమని బయటికి రానివ్వదు, చెక్క లోపల్లోపల పుచ్చుతుంది.

ఇక్కడ ట్యూక్స్‌బరీకి చరిత్రలో ఇంకో చోటుంది. 1877లో అక్కడి పెద్ద చర్చిని జార్జ్ గిల్బర్ట్ స్కాట్ అనే పేరుమోసిన ఆర్కిటెక్టు పునరుద్ధరించబోతున్నాడని తెలిసి, రచయిత, డిజైనర్ అయిన విలియం మోరిస్ ఒక పత్రికకి కోపంగా ఉత్తరం రాశాడు. పాత కట్టడాన్ని కొత్తగా చేయడమంటే దాన్ని నాశనం చేయడమేనని ఆయన వాదన. ఆ ఉత్తరం వెంటనే, ఆ ఏడాదే, పాత కట్టడాల రక్షణ కోసం ఒక సంఘం మొదలైంది. ఈ రోజుకీ ఉంది, ఈ పని నేర్చుకునేవాళ్ళకి శిక్షణ కూడా ఇస్తుంది. రోజూ కాస్త కాస్త మరమ్మతు చేసుకోండి, పాతదాన్ని నకిలీ చేయకండి అన్నది వాళ్ళ పద్ధతి.

అయితే ఆ చర్చి పక్కనే ఉన్న మన షాపుల వరసని 1960ల చివర్లో, 1970ల మొదట్లో బాగుచేసినప్పుడు పాత రూపాన్ని తిరిగి తెచ్చే దారి పట్టారు. తర్వాతి శతాబ్దాల చేర్పులు కొన్ని తీసేశారు. దీని మీద నా అభిప్రాయం రెండుగా ఉంది, దాచను. మర్చంట్స్ హౌస్‌లో ఆ బల్ల తలుపు దించి, షాపు ఎలా పనిచేసిందో కళ్ళతో చూడగలగడం నిజంగా గొప్ప సంగతి, బడి పిల్లలకి అక్కడ ఒక్క గంటలో అర్థమైనది పుస్తకంలో పది పేజీల్లో అర్థం కాదు. కానీ వరస మొత్తాన్నీ ఒకే శతాబ్దానికి తీసుకెళ్ళడం సరైనది కాదని నేననుకుంటాను. 1800లో ఆ కిటికీకి అద్దం పెట్టించుకున్న వ్యాపారి కూడా ఆ షాపు చరిత్రే. ఒక్కటి చూపించడానికి పాతగా చేసుకోండి, మిగతావాటిని అవి మారినట్టే ఉండనివ్వండి. నన్నడిగితే అదే దారి.

ట్యూక్స్‌బరీకి 2007 జులైలో పెద్ద వరద వచ్చింది. టీవీలో మీరు చూసే ఉంటారు, నీళ్ళ మధ్య దీవిలా నిలబడ్డ ఆ చర్చి ఫొటో. ఊళ్ళో చాలా ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. వరద తగ్గాక పాత కొయ్య ఇంటికి ముప్పు ఎక్కడ నుంచి వస్తుందో తెలుసుకోవాలి. మట్టి, సున్నం, ఓక్ తడిసినా నెమ్మదిగా ఆరతాయి. మధ్యలో ఎవరైనా సిమెంటు ప్లాస్టరు, ప్లాస్టిక్ పెయింటు వేసి ఉంటే మాత్రం నీళ్ళు లోపలే చిక్కుకుంటాయి. ఇంకో ఊళ్ళో నేను పనిచేసిన ఒక షాపుకి కింది పట్టె ముందు నున్నటి సిమెంటు పూత ఉంది. చూడటానికి గట్టిగా, శుభ్రంగా ఉంది. ఉలితో ఆ పూత ఊడదీస్తే వెనకాల పట్టె వేలితో గుచ్చితే దిగేంత మెత్తగా ఉంది. పూత లేని పక్క భాగం ఐదొందల ఏళ్ళ నాటిదే, ఉలి దిగలేదు. తొందరగా ఆరబెట్టాలని పెద్ద హీటర్లు పెట్టడం కూడా ప్రమాదమే, చెక్క ఒక్కసారిగా ఆరి పగుళ్ళు వస్తాయి. కిటికీలు తెరిచి, గాలి ఆడనిచ్చి, ఓపిక పట్టాలి.

చివికిన పట్టెని మొత్తం తీసి పారెయ్యరు. చివికినంత మేర కోసి, అదే జాతి కొత్త చెక్కని ఏటవాలు అతుకుతో కలిపి, చీలలు కొడతారు. కొత్త ముక్కకి పాత రంగు పుయ్యరు. లేతగానే వదిలేసి, దాని మీద చిన్నగా ఆ ఏడాది చెక్కడం కూడా కొందరి అలవాటు. వందేళ్ళ తర్వాత వచ్చే వడ్రంగి ఏది పాతదో ఏది కొత్తదో వెతుక్కోనక్కర్లేదు.

మన బజారుల్లో కూడా ముందు అరుగు, గాడిలో జరిపే పలకల తలుపులు, టేకు రాటలు ఉన్న షాపులు ఇంకా కొన్ని మిగిలాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు పోయేది ఆ అరుగే, ఆ ముందు వరస రాటలే. అంటే షాపుని షాపు చేసే భాగమే. వాటిని ఆపగలమా లేదా అన్నది వేరే పోరాటం, అది కూడా చెయ్యాలి. కూల్చేలోపు ఒక్క ఆదివారం టేపు, కాగితం, టార్చి పట్టుకుని వెళ్ళి కొలిచి గీయండి. రాట మందం, గాడి లోతు, చీలల చోటు, అరిగిన అంచు, మసి. పలకల మీద ఏ క్రమంలో పెట్టాలో అంకెలు వేసి ఉంటే ఆ అంకెలు కూడా రాసుకోండి. షాపు యజమానిని టీకి పిలిచి, ఎవరు కట్టారు, ఏం అమ్మేవాళ్ళు, తలుపు ఎప్పుడు మార్చారు అని అడగండి. విద్యార్థులు వెళ్ళేటప్పుడు ఊళ్ళో ఒక పాత వడ్రంగిని వెంట తీసుకెళ్ళండి, ఆయన చూసేది మీకు కనిపించదు.

నా సమయం అయిపోయింది. రాట తల అతుకు నమూనా ఒకటి చెక్కతో చేయించి తెచ్చాను, ఇక్కడ బల్ల మీద ఉంది. చీల ఊడదీసి విప్పి చూడొచ్చు, మళ్ళీ బిగించొచ్చు. ప్రశ్నలు అడగాలనుకున్నవాళ్ళు ఇటు రండి.